పెరుగుతాయనుకుంటే ఆగిపోయాయి: అడ్రినల్ కణాలతో నా అనుభవం

ఏసీటీహెచ్ అనే హార్మోన్ అడ్రినల్ గ్రంథిని పెంచుతుందని ఎమ్మెస్సీలో బట్టీపట్టి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను. పీహెచ్‌డీలో చేరాక అదే హార్మోన్‌ను డిష్‌లో ఉన్న అడ్రినల్ కణాల మీద వేస్తే అవి పెరగడం మానేశాయి. పుస్తకంలో ఉన్నదీ నిజమే, డిష్‌లో కనిపించిందీ నిజమే. ఈ రెండింటికీ పొంతన కుదుర్చుకోవడంలోనే నా పీహెచ్‌డీ మొదటి భాగం గడిచిపోయింది. బయాలజీ చదివేవాళ్లకీ, ఇంట్లో ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్లకీ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు గ్రంథి సంగతి క్లుప్తంగా. రెండు కిడ్నీల మీద చెరొకటి ఉంటుంది. పెద్దవాళ్లలో ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములకు మించదు. బయటి భాగం కార్టెక్స్, లోపలిది మెడుల్లా. కార్టెక్స్‌లో మళ్లీ మూడు పొరలు. పైపొర ఉప్పు సంగతి చూసే ఆల్డోస్టెరాన్‌ను, మధ్యపొర కార్టిసాల్ అనే స్టెరాయిడ్ హార్మోన్‌ను, లోపలి పొర కొన్ని పురుష హార్మోన్లకు ముడిసరుకును తయారుచేస్తాయి. మధ్యపొరకు ఆజ్ఞ మెదడు కింద ఉండే పిట్యూటరీ నుంచి వస్తుంది. ఆ ఆజ్ఞే ఏసీటీహెచ్, 39 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. 1930లో ఫిలిప్ స్మిత్ ఎలుకల్లో పిట్యూటరీని మాత్రమే తీసేసి చూపించాడు: అడ్రినల్ కార్టెక్స్ ఎండిపోయింది. పిట్యూటరీ ముక్కల్ని తిరిగి పెడితే మళ్లీ ఒళ్లు చేసింది. పాఠ్యపుస్తకంలో మేం చదివిన వాక్యానికి పునాది ఆ ప్రయోగమే.

మా మేడమ్, అంటే నా పీహెచ్‌డీ గైడ్, నాకిచ్చిన పని వినడానికి చాలా సులువు. ‘అడ్రినల్ కణాలు పెంచు. ఏసీటీహెచ్ వేసి చూడు, గ్రోత్ ఫ్యాక్టర్ (కణాల్ని విభజనకు తోసే ప్రోటీన్) వేసి చూడు, రెండూ కలిపి చూడు. ఎన్ని కణాలు విభజనకు దిగుతున్నాయో లెక్కపెట్టు.’ అంతే.

కణాలు రావడమే పెద్ద ప్రహసనం. మేం వాడేవి వై1 అనే ఎలుక కణాలు. అడ్రినల్ కార్టెక్స్ కణితి నుంచి యసుమురా, బ్యువొనస్సిసి, సాటో అనే ముగ్గురు 1966లో వీటిని కల్చర్‌కు అలవాటు చేశారు. అప్పట్నుంచి ప్రపంచమంతా ఇవి ఒక ఫ్లాస్క్ నుంచి ఇంకో ఫ్లాస్క్‌కి మారుతూ బతుకుతున్నాయి. అమెరికా సెల్ బ్యాంకు నుంచి డ్రై ఐస్‌లో రావాలి. దిగుమతి కాగితాలు, కస్టమ్స్, మధ్యలో ఒక లాంగ్ వీకెండ్. ఐస్ కరిగిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. వయల్ చేతికొచ్చాక 37 డిగ్రీల నీళ్లలో తిప్పుతూ, లోపల మంచు చుక్క మిగిలుండగానే తీసి, గులాబీరంగు మీడియంలో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, ఫ్లాస్క్‌లో వేశాను. ఆ మీడియంలో గుర్రం సీరం 15 శాతం, దూడ పిండం సీరం రెండున్నర శాతం. సీరం ఖరీదు చూస్తే చెయ్యి వణుకుతుంది. అందులోనే కణాలకు కావాల్సిన గ్రోత్ ఫ్యాక్టర్లు బోలెడు ఉంటాయి. ఈ సంగతి తర్వాత ముఖ్యమవుతుంది.

వై1 కణాలు అడుగుకు అంత గట్టిగా అంటుకోవు. కణాల్ని అడుగు నుంచి ఊడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌ను కాస్త ఎక్కువసేపు ఉంచితే గుంపులు గుంపులుగా లేచొస్తాయి. తక్కువసేపు ఉంచితే సగం అక్కడే ఉండిపోతాయి. చేతికి అలవాటు పడేదాకా ఇదే గొడవ. ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపులో చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. అంచులు పలచగా పరుచుకుని, మధ్యలో న్యూక్లియస్, దాని చుట్టూ కొవ్వు చుక్కలు మెరుస్తూ. స్టెరాయిడ్ తయారీకి కొలెస్ట్రాల్ కావాలి, దాని నిల్వే ఆ చుక్కలు.

మొదటిసారి ఏసీటీహెచ్ వేసినప్పుడు అరగంట తర్వాత తీసి చూశాను. పలచగా పరుచుకున్న అంచులన్నీ లోపలికి లాగేసుకుని, కణాలు గుండ్రంగా ముడుచుకుంటున్నాయి. కొన్నిటికి సన్నటి కొమ్మల వంటి పోగులు మాత్రం మిగిలాయి. ఇంకాస్త ఆగితే దాదాపు అన్నీ అంతే. చచ్చిపోతున్నాయేమోనని ట్రైపాన్ బ్లూ వేసి చూశాం. చచ్చిన కణాలైతే నీలంగా మారతాయి. ఒక్కటీ మారలేదన్నట్టే. హార్మోన్ కడిగేస్తే కొన్ని గంటల్లో మళ్లీ పరుచుకున్నాయి. లోపల జరిగేది ఏమిటంటే, కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులు విడిపోతాయి. స్టెరాయిడ్ తయారీ మొదలైనప్పుడు కనిపించే గుర్తే ఇది. అన్నట్టు, ఈ వై1 కణాల్లో 21-హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ పనిచేయదు. అందుకని ఎలుకలో కార్టిసాల్‌కు బదులు రావాల్సిన కార్టికోస్టెరాన్ రాదు, దారి మధ్యలో ఉండే వేరే స్టెరాయిడ్లు బయటికొస్తాయి. కణితి కణాలతో పనిచేసేటప్పుడు ఇలాంటి తిరకాసులు ఉంటాయని మేడమ్ ముందే హెచ్చరించారు.

ఇక అసలు ప్రయోగం. కణాలన్నీ ఇష్టమొచ్చినట్టు విభజన చెందుతుంటే ఏ మందు ఏం చేసిందో తెలియదు. అందుకని ముందు సీరం ఆపేయాలి. దాదాపు సీరం లేని మీడియంలో రెండు రోజులుంచితే చాలా కణాలు విభజనకు ముందుండే విశ్రాంతి దశలో ఆగిపోతాయి. మేం దీన్ని ‘ఆకలికి పెట్టడం’ అంటాం. తర్వాత ఒక డిష్‌లో సీరం, ఒకదాంట్లో ఎఫ్‌జీఎఫ్2 అనే గ్రోత్ ఫ్యాక్టర్, ఒకదాంట్లో ఏసీటీహెచ్, ఒకదాంట్లో రెండూ, ఒకదాంట్లో ఏమీ లేకుండా. కొన్ని గంటలాగి బీఆర్‌డీయూ కలపాలి. ఇది డీఎన్ఏలోని థైమిడిన్‌కు నకలు. కణం డీఎన్ఏను కాపీ చేస్తుంటే థైమిడిన్‌తో పాటు దీన్నీ లోపల పెట్టేసుకుంటుంది. దానికి అంటుకునే యాంటీబాడీ వేస్తే ఆ న్యూక్లియస్ పచ్చగా వెలుగుతుంది. అన్ని న్యూక్లియస్‌లకూ నీలం రంగు, డీఎన్ఏ కాపీ చేస్తున్నవాటికి పచ్చ. పచ్చవాటిని నీలంవాటితో భాగిస్తే శాతం వస్తుంది.

చెప్పడానికి నాలుగు వాక్యాలు, చేయడానికి బోలెడు ఓపిక. యాంటీబాడీ లోపలికి చేరాలంటే డీఎన్ఏ జంటపోగును ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో విడదీయాలి. యాసిడ్ ఎక్కువసేపైతే అసలే వదులుగా అంటుకున్న వై1 కణాలు కవర్‌స్లిప్ వదిలి సింక్‌లోకి పోతాయి. ఏసీటీహెచ్ వేసిన డిష్‌లో అవి ముడుచుకుని ఉంటాయి కాబట్టి ఇంకా త్వరగా ఊడతాయి. అందుకే అక్కడ కణాలు తక్కువ కనిపించినంత మాత్రాన విభజన తగ్గిందని అనుకోకూడదు. శాతమే చూడాలి, అదీ మిగిలిన కణాల్లో. స్లైడ్ల పేర్లు నాకు కనపడకుండా మా సీనియర్ అక్క కాగితం అంటించి నంబర్లు వేసేది. చీకటి గదిలో, ఏసీ చలికి దుప్పటి కప్పుకుని, నీలం చుక్కలు, పచ్చ చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. కాగితాలు పీకి చూసే క్షణం మాత్రం పదోతరగతి రిజల్ట్స్ నాటి దడే.

ఏమీ వేయని డిష్‌లో పచ్చవి అక్కడొకటి అక్కడొకటి. సీరంలో బోలెడు. ఎఫ్‌జీఎఫ్2లో సీరంకు పోటీ వచ్చేంత. ఏసీటీహెచ్ ఒక్కటే నిలకడగా ఉన్న డిష్‌లో ఏమీ వేయనిదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. రెండూ కలిపినదాంట్లో ఎఫ్‌జీఎఫ్2 తెచ్చిన పెరుగుదలను ఏసీటీహెచ్ చాలావరకు తినేసింది.

“అక్కా, ఏసీటీహెచ్ పాడైపోయిందేమో. ఫ్రీజర్ మొన్న కరెంటు పోయినప్పుడు ఆగింది కదా.”

“పాడైతే కణాలు ముడుచుకోవే. ముడుచుకున్నాయా లేదా?”

“ముడుచుకున్నాయి.”

“మరింకేం. అది పనిచేస్తోంది కాబట్టే ఇలా వచ్చింది.”

“పెంచాలిగా అక్కా! పుస్తకంలో అదేగా ఉంది.”

“మేస్త్రీ వచ్చి ఈ రోజు స్లాబు అయిపోవాలి అని అరిస్తే ఉన్న కూలీలు గబగబా పనిచేస్తారు. ఆ కాసేపట్లో కొత్త కూలీలు పుట్టుకొస్తారా? కూలీల్ని పిలిపించే మనిషి వేరే ఉంటాడు. నీ ఏసీటీహెచ్ మేస్త్రీ. వెళ్లి పాత పేపర్లు చదువు.”

నల్గొండ అమ్మాయి, మాట అలాగే ఉంటుంది. కానీ ఇచ్చిన పేపర్లు మాత్రం బంగారం. 1971లో మసుయి, గారెన్ అనే ఇద్దరు ఇదే రకం ఎలుక అడ్రినల్ కణితి కణాల మీద ఏసీటీహెచ్ వేసి, అది విభజనను ఆపుతుందనీ, ఆ పని సైక్లిక్ ఏఎంపీ ద్వారా జరుగుతుందనీ రాశారు. కణితి కణాలు కాబట్టి అలా చేశాయేమో అనుకుందామంటే, 1975లో రామచంద్రన్, సుయామా ఎలుకల నుంచి అప్పుడే తీసిన మామూలు అడ్రినల్ కణాల్లోనూ అదే చూశారు. ఈ రామచంద్రనే తర్వాత బెంగళూరులో ఆస్ట్రా పరిశోధన కేంద్రాన్ని నడిపించారు. 1977లో హార్న్స్‌బీ, గిల్ ఆవు అడ్రినల్ కణాలతో ఇంకో మెట్టు ఎక్కారు. ఏసీటీహెచ్ విభజనను ఆపుతుంది, కానీ అదేపనిగా ఉంచితే కొంతకాలానికి కణాలు దానికి మొద్దుబారిపోతాయి, అప్పుడు ఎఫ్‌జీఎఫ్ మాట వింటాయి. నేను పుట్టకముందే తేల్చిన విషయాన్ని చీకటి గదిలో దుప్పటి కప్పుకుని కొత్తగా కనిపెట్టానన్నమాట! అయినా నిరుత్సాహం కలగలేదు. మన చేతుల్లో అదే వచ్చిందంటే మన చేతులు సరిగ్గా పనిచేస్తున్నట్టే.

సైక్లిక్ ఏఎంపీ గురించి ఒక మాట. ఏసీటీహెచ్ కణం లోపలికి రాదు. పైపొర మీదున్న రిసెప్టర్‌ను తడుతుంది, లోపల ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది, మిగతా కథ అది నడుపుతుంది. హార్మోన్లకు ఇలా లోపల ఒక దూత ఉంటుందని కనిపెట్టినందుకే ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. దానికి ముడిసరుకైన ఏటీపీని కండరంలో గుర్తించి 1929లో ప్రకటించినవాళ్లలో ఫిస్కేతో పాటు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఉన్నారు. జర్మనీలో లోమన్ అదే ఏడాది విడిగా కనిపెట్టాడు. ల్యాబ్‌లో ఏటీపీ సీసా తీసిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తొచ్చి కొంచెం గర్వంగా ఉంటుంది. పక్కనున్న తమిళ స్నేహితురాలికి ఇప్పటికి చాలాసార్లు చెప్పాను, పాపం వింటుంది.

ఏసీటీహెచ్ ఆపుతుందని తేలింది. ఎలా ఆపుతుంది? బ్రెజిల్‌లోని సావో పాలోలో హ్యూగో ఆర్మెలిన్ బృందం ఈ వై1 కణాల మీదే ఏళ్లతరబడి పనిచేసింది. ఏసీటీహెచ్‌కు రెండు చేతులున్నాయని వాళ్ల పని చదివితే అర్థమవుతుంది. తగిలిన కొద్ది నిమిషాల్లో ఒక చెయ్యి ఈఆర్‌కే అనే సంకేతాన్ని లేపి, ఫాస్ అనే జన్యువును నిద్రలేపుతుంది. ఇది పెరుగుదల వైపు తోసే పని, గ్రోత్ ఫ్యాక్టర్ చేసే పనిలాంటిదే, కాకపోతే బలహీనం. రెండో చెయ్యి సైక్లిక్ ఏఎంపీది. అది నెమ్మదిగా మొదలై, ఎక్కువసేపు ఉంటుంది. విభజనకు కావాల్సిన మిక్ అనే ప్రోటీన్‌ను త్వరగా కరిగిపోయేలా చేస్తుంది. పెరుగుదలకు తోడ్పడే ఏకేటీ అనే ఎంజైమ్‌కు అంటుకున్న ఫాస్ఫేట్‌ను తీయించి దాన్ని పడుకోబెడుతుంది. విభజనకు బ్రేకు వేసే పీ27 అనే ప్రోటీన్ పెరుగుతుంది. ఎఫ్‌జీఎఫ్2 ఏమో మిక్‌ను నిలబెడుతుంది. అంటే ఒకే ప్రోటీన్ కోసం ఒకటి అటు, ఒకటి ఇటు లాగుతున్నాయి.

ఈ మాట నిజమైతే, ఏసీటీహెచ్‌ను కాసేపు మాత్రమే చూపించి కడిగేస్తే పెరుగుదల చెయ్యి పని జరిగిపోయి, బ్రేకు చెయ్యికి టైమ్ సరిపోకూడదు. చేసి చూశాను. రెండు గంటలుంచి, మూడుసార్లు కడిగి, మామూలుగా వదిలేశాను. పచ్చ న్యూక్లియస్‌లు పెరిగాయి! ఎఫ్‌జీఎఫ్2 అంత కాదు, కానీ ఏమీ వేయని డిష్‌తో పోలిస్తే కంటికి ఆనేంత. ఒకే హార్మోన్, ఒకే మోతాదు. ఎంతసేపు ఉందన్నదే తేడా. నా థీసిస్‌లో నాకు బాగా నచ్చిన గ్రాఫ్ అదే.

తర్వాత వెస్టర్న్ బ్లాట్లు, అంటే ఏ ప్రోటీన్ ఎంతుందో బ్యాండ్లుగా చూపే పరీక్షలు. వాటి గురించి ఎక్కువ రాయను, చేసినవాళ్లకు తెలుసు, చేయనివాళ్లకు చెప్పినా సరదాగా ఉండదు. పీ27 బ్యాండు ఏసీటీహెచ్ నిలకడగా ఉన్న వరసలో ముదురుగా, కాసేపే ఉంచిన వరసలో లేతగా వచ్చింది. మిక్ బ్లాట్ మాత్రం యాంటీబాడీ మార్చేదాకా ముప్పుతిప్పలు పెట్టింది.

డిష్ సరే, ఒంట్లో మాటేమిటి? స్మిత్ ఎలుకల్లో గ్రంథి ఎండిపోయింది కదా, పిట్యూటరీ ముక్కలు పెడితే పెరిగింది కదా? క్వాలిఫయింగ్ పరీక్షలో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. జవాబు ఒకటి కాదు, అన్నీ కలిపి చూడాలి.

గ్రంథి బరువు పెరగడానికి కణాల సంఖ్యే పెరగనక్కర్లేదు. ఏసీటీహెచ్ తగిలితే ముందు ఉన్న కణాలే లావెక్కుతాయి. ఒంట్లో ఏసీటీహెచ్ కుళాయి తిప్పినట్టు ఏకధారగా రాదు, విడతలు విడతలుగా వస్తుంది, తెల్లవారుజామున ఎక్కువ. నా రెండు గంటల ప్రయోగానికి అర్థం అక్కడే ఉంది. పైగా అక్కడ అడ్రినల్ కణం ఒంటరిగా లేదు. ఏసీటీహెచ్ అందిన కణాలు వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను విడుదల చేస్తాయి, దాంతో చుట్టూ రక్తనాళాలు నిలబడతాయి. ఐజీఎఫ్‌లు, ఎఫ్‌జీఎఫ్‌లు అనే గ్రోత్ ఫ్యాక్టర్లు గ్రంథిలోనే తయారవుతాయి. డిష్‌లో నేను ఇవన్నీ తీసేసి ఒక్క హార్మోన్‌తో మాట్లాడించాను.

కొత్త కణాలు పుట్టే చోటు కూడా వేరు. కార్టెక్స్ అంతటా సమానంగా పుట్టవు. గ్రంథి పైతొడుగు దగ్గర, పైపొరలో పుట్టి, నెమ్మదిగా లోపలికి జరుగుతూ, దారిలో ఆల్డోస్టెరాన్ పని వదిలి గ్లూకోకార్టికాయిడ్ (కార్టిసాల్ రకం స్టెరాయిడ్) పనిలోకి మారి, చివరికి మెడుల్లా సరిహద్దులో రాలిపోతాయి. ఆ పైపొరకు ఏసీటీహెచ్ కన్నా, ఒంట్లో ఉప్పు, రక్తపోటు సంగతి చూసే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ మాట ఎక్కువ. ఎలుకలకు ఉప్పు తగ్గిస్తే ఆ పొర వెడల్పవుతుంది. ఆవు కణాల మీద యాంజియోటెన్సిన్ వేస్తే విభజన పెరుగుతుందని గిల్ బృందం 1977లోనే చూపించింది. ఇంకొకటి మరీ విచిత్రం. ఒకవైపు అడ్రినల్ తీసేస్తే రెండోది పెరుగుతుంది. ఏసీటీహెచ్ ఎక్కువవడం వల్లే అనుకునేవారు. మేరీ డాల్మన్, విలియం ఎంగెలండ్ ఎలుకల్లో చేసిన ప్రయోగాలతో అందులో నరాల పాత్ర ఉందని తేలింది. హైపోథాలమస్ మీదుగా వెళ్లే నరాల దారిని తెంపితే ఆ పెరుగుదల ఆగిపోయింది. పైగా ఏసీటీహెచ్ పుట్టే పెద్ద ప్రోటీన్‌కే మొదటివైపు ముక్క ఒకటుంది, దానికీ పెంచే గుణం ఉందని లోరీ, ఎస్టివారిజ్ 1980ల్లో రాశారు. మేస్త్రీ వచ్చిన బండిలోనే కూలీల్ని పిలిచే మనిషి కూడా వచ్చాడన్నమాట. ఇది చెప్తే మా అక్క నవ్వి, “నీ క్వాలిఫయింగ్‌లో ఇలాగే చెప్పు, పాస్ చేసేస్తారు” అంది. నేను మామూలుగానే చెప్పాను, పాస్ చేశారు.

మధ్యలో ఒక సాయంత్రం తెనాలి నుంచి పెద్దమ్మ ఫోన్. కీళ్లవాతానికి చాలాకాలంగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతోంది.

“నొప్పులు బాగానే తగ్గినయ్యే. ఈ మాత్రలు మొహం వాచేట్టు చేస్తన్నయ్యి. రేపట్నించి మానేద్దామనుకుంటన్నా.”

“వద్దు పెద్దమ్మా! ఒక్కసారే మానకూడదు. డాక్టర్‌ని అడిగావా?”

“కొంచెం కొంచెం తగ్గిస్తానన్నాడు. ఆయనకేం, నెలనెలా ఫీజు వస్తది.”

“ఫీజు కోసం కాదు. నువ్వు బయటి నుంచి మాత్ర వేసుకుంటుంటే నీ ఒంట్లో గ్రంథి పని మానేసి చిక్కిపోయి ఉంటుంది. అది మళ్లీ లేచేదాకా ఆగాలి.”

“అది లేచిందని ఆయనకెట్టా తెలుస్తది?”

“పొద్దున్నే రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు. అడుగు ఆయన్నే.”

మంచి ప్రశ్నే అడిగింది పెద్దమ్మ. మాత్రగా వచ్చిన స్టెరాయిడ్ చూసి పిట్యూటరీ ‘సరిపడా ఉంది’ అనుకుని ఏసీటీహెచ్ తగ్గించేస్తుంది. ఏసీటీహెచ్ లేక మధ్యపొర, లోపలిపొర చిక్కిపోతాయి. పైపొర యాంజియోటెన్సిన్‌తో నడుస్తుంది కాబట్టి అది చాలావరకు నిలబడుతుంది. అడ్రినల్ సారం ఎక్కువగా ఇస్తే ఎలుకల అడ్రినల్ కార్టెక్స్ చిక్కిపోతుందని ఇంగిల్, కెండాల్ 1937లోనే చూపించారు. కీళ్లవాతం ఉన్న మనుషులకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మొదటిసారి ఇచ్చింది 1948లో, అమెరికాలోని మేయో క్లినిక్‌లో. నాలుగేళ్లకే, కార్టిజోన్ వాడిన రోగి ఆపరేషన్ తర్వాత షాక్‌లోకి వెళ్లి కోలుకోలేదని, అడ్రినల్స్ చిక్కిపోయి ఉన్నాయని 1952లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. తిరిగి లేవడం ఎలా ఉంటుందో 1965లో గ్రేబర్ బృందం లెక్కకట్టింది. ముందు పిట్యూటరీ లేస్తుంది, కొన్ని నెలల్లోనే ఏసీటీహెచ్ మామూలు కన్నా ఎక్కువ స్థాయికి వెళ్తుంది. గ్రంథి మాత్రం ఇంకా పడుకునే ఉంటుంది, కార్టిసాల్ మామూలుకు రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆజ్ఞ అంత గట్టిగా వస్తున్నా గ్రంథి అంత ఆలస్యంగా పెరగడం చూస్తే, నా డిష్‌లో చూసినదే పెద్ద ఎత్తున కనిపిస్తున్నట్టు నాకు అనిపించింది. ఎవరి ఒంట్లో ఎంతకాలం పడుతుందో మోతాదును బట్టి, వాడిన కాలాన్ని బట్టి మారుతుంది, కాబట్టి మాత్రల లెక్క డాక్టర్‌ దగ్గరే తేల్చుకోవాలి. పెద్దమ్మ తగ్గింపు షెడ్యూలు ఇప్పుడు ఫ్రిజ్ మీద అంటించుకుంది, మెగ్నెట్ కింద.

ఇక చివరి అంకం, నన్ను బాగా తికమక పెట్టింది. ఎఫ్‌జీఎఫ్2 కణాల్ని విభజనకు తోస్తోంది కదా, మరి ఎక్కువకాలం ఉంచితే డిష్ నిండిపోవాలి. పలచగా కణాలు చల్లి, ఒక సెట్టుకు సీరం మాత్రమే, ఇంకో సెట్టుకు సీరంతో పాటు ఎఫ్‌జీఎఫ్2 ఇచ్చి, కాలనీలు కట్టేదాకా వదిలేశాను. క్రిస్టల్ వయొలెట్ వేసి కడిగితే సీరం డిష్‌ల నిండా ఊదారంగు మచ్చలు. ఎఫ్‌జీఎఫ్2 డిష్‌ల అడుగు దాదాపు ఖాళీ. ఒక డిష్‌లో అంచున మాత్రం చిన్న చిన్న మచ్చలు రెండు మూడు. పెంచే ఫ్యాక్టర్ చంపడమేమిటి!

సావో పాలో బృందం 2008లో ఇదే ప్రకటించింది. వై1 కణాల్లో పెరుగుదల సంకేతాన్ని నడిపే కే-రాస్ జన్యువు ఎన్నో కాపీలుగా పెరిగిపోయి ఉంటుందని 1983లోనే తెలుసు. అంటే రాస్ సంకేతం అప్పటికే మితిమీరి నడుస్తోంది. దాని మీద ఎఫ్‌జీఎఫ్2 ఇంకో తోపు తోస్తే, కణం డీఎన్ఏ కాపీ మొదలుపెడుతుంది కానీ విభజన పూర్తిచేయలేదు, మధ్యలోనే ఆగిపోతుంది. నా పచ్చ న్యూక్లియస్‌లు నిజం చెప్పాయి, కానీ మొత్తం నిజం చెప్పలేదు. డీఎన్ఏ కాపీ మొదలుపెట్టినవాటిని లెక్కపెట్టి ‘కణాలు పెరిగాయి’ అని రాయకూడదని అప్పట్నుంచి ప్రతి పేపర్‌లోనూ బీఆర్‌డీయూ చార్టు వైపు అనుమానంగానే చూస్తున్నాను. పక్కన కాలనీల లెక్కో, కణాల సంఖ్యో ఉంటేనే నమ్ముతాను.

మనుషుల కణాలకూ ఇది వర్తిస్తుందా అని మేడమ్‌ను అడిగాను. అడ్రినల్ కార్టెక్స్ క్యాన్సర్ చాలా అరుదు, ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఆ కణితుల్లో పదింటికి తొమ్మిదింటిలో ఐజీఎఫ్2 అనే గ్రోత్ ఫ్యాక్టర్ విపరీతంగా ఉంటుంది. అయితే దాని రిసెప్టర్‌ను అడ్డుకుంటే సరిపోతుందని లిన్సిటినిబ్ అనే మందుతో 139 మందిపై పెద్ద ట్రయల్ చేశారు. 2015లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా ఎక్కువకాలం బతకలేదు. ఒక ఫ్యాక్టర్ ఎక్కువుందని చూసి దాన్ని ఒక్కదాన్నే ఆపడం చాలదన్నమాట. మైటోటేన్ ఇప్పటికీ మొదటి వరసలో ఉన్న మందు.

ఆ మాటల తర్వాత మేడమ్ హెచ్295ఆర్ కణాలు తెప్పించారు. అలాంటి మనిషి కణితి నుంచే వచ్చినవి. వై1 కన్నా నిదానం, వాటికి వేరే మీడియం, వేరే సప్లిమెంట్లు, కార్టిసాల్ కూడా సరిగ్గా తయారుచేస్తాయి. ఎఫ్‌జీఎఫ్2 వాటిని పెంచుతుందా, చంపుతుందా అన్నది ఈసారి ముందు కాలనీలతో చూసి, ఆ తర్వాతే బీఆర్‌డీయూ జోలికి వెళ్తాను.